క్యూషూవారి తెల్లచారు

పెద్దమంట వంటకు శత్రువని మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. పాలు పొంగి పొయ్యి ఆరిపోతుంది, పప్పు అడుగంటుతుంది, మాంసం పైన ఉడికి లోపల గట్టిపడుతుంది. అందుచేతనే సన్నని సెగను, ఓపికను మంచి వంటకు ప్రథమ లక్షణాలుగా మన పెద్దలు చెప్పినారు. ఈ సన్నని సెగను నమ్ముకొని వండితే సిద్ధించని వంటకం ఒకటి లోకంలో ఉన్నదని, నలభై ఏండ్లు దాటిన తరువాతగాని నాకు తెలియలేదు. అది జపాను దేశీయుల వంటకం. పేరు తొంకొత్సు రామెన్. దానిని ఇంటిలో వండుకొనే విధానాన్ని గురించి, మా ఇంట ఆ వంట రెండుసార్లు చెడి మూడవసారి కుదిరిన వైనాన్ని గురించి నేడు మీతో ముచ్చటించదలచినాను.

'తొన్' అంటే పంది, 'కొత్సు' అంటే ఎముక. పంది ఎముకలను గంటలకొలది మరిగించి తీసిన, పాలవలె తెల్లనైన చారులో గోధుమపిండి సేమ్యాలను వేసి, పైన రెండు మాంసపు ముక్కలు, ఒక గుడ్డు, కొద్దిగా ఉల్లికాడలు ఉంచి వేడివేడిగా అందించేదే ఈ రామెన్. చారు అన్నానని చింతపండును తలచుకోకండి. ఇందులో పులుపు లేదు. పాలవలె తెల్లనని అన్నంతమాత్రాన పాలు పోస్తారనీ అనుకోకండి. ఒక్క పాలచుక్క కూడ ఇందులో లేదు. ఆ తెల్లదనం ఎక్కడిదన్నదే ఈ వంటలోని కీలకం.

జపానులోని నాలుగు పెద్ద ద్వీపాలలో నైరుతి మూలన ఉన్నది క్యూషూ. ఈ తెల్లచారు పుట్టినిల్లు ఆ ద్వీపంలో, ఫుకువోక మండలంలోని కురుమె పట్టణం. గోధుమ సేమ్యాలు చీనానుంచి వలసవచ్చినవారితో జపాను చేరినాయి. 1910లో టోక్యో నగరపు అసకుసలో వెలసిన రైరైకెన్ అనే భోజనశాల వాటికి సామాన్యజనంలో మంచి ప్రచారం తెచ్చినది. కురుమెలో 1937లో 'నాంకిన్ సెన్ర్యో' అనే వీధి అంగడివారు పంది ఎముకల చారుతో వాటిని వడ్డించసాగినారు. కాని ఆ చారు ఇంత తెల్లనిది కాదు. 1947లో అదే పట్టణంలో 'సాన్‌క్యూ' అనే అంగడి యజమాని చారును పొయ్యిమీద ఉంచి పనిమీద బయటికి వెళ్ళినాడట. తిరిగి వచ్చేసరికి మంట హెచ్చి, చారు తెర్లి తెర్లి తెల్లబడిపోయి ఉన్నదట. పారబోయబోతూ రుచి చూస్తే అంతకు ముందటిదానికన్న బాగున్నదట. అక్కడివారు చెప్పుకొనే కథ ఇది. కథ మాట ఎట్లున్నా, ఇందులోని వంటసూత్రం మాత్రం అక్షరాలా నిజమని మేము అనుభవంమీద తెలుసుకొన్నాము.

ఇక మా సంగతి చెప్పుతాను. మా అక్కయ్య కుమారుడు ఫుకువోక నగరంలో ఆరేండ్లు ఉద్యోగం చేసినాడు. తండ్రి పోయిన తరువాత తల్లిని ఒంటరిగా విడువలేక, ఉద్యోగం మాని ఇంటికి వచ్చివేసినాడు. వచ్చినవాడు ఆ దేశాన్ని గురించి ఎత్తేవాడు కాడు. ఒక వానసాయంకాలం మాటవరుసకు, "ఇట్లాంటి ముసురు పట్టిన రోజున పని దిగి వస్తూ, ఏటిగట్టున బండిదగ్గర నిలిచి ఒక గిన్నెడు రామెన్ తినేవాణ్ణి మామయ్యా" అన్నాడు. అంతే. కాని అక్కయ్య విన్నది.

ఆ ఇంట మేకమాంసం, కోడి వండుతారుగాని, పందిమాంసం తరతరాలుగా గడప లోపలికి వచ్చినది కాదు. అక్కయ్య రెండు రోజులు ఆలోచించి నాకు ఫోను చేసినది. "ఒరే తమ్ముడూ, వాడు నాకోసం అంత దూరంనుంచి వచ్చేశాడు. నేను పెరట్లోకి ఒక గిన్నెను రానివ్వలేనా?" అన్నది. ఆ మాటమీద పెరటిలో విడిగా పొయ్యి, విడిగా ఒక పెద్ద గిన్నె, విడిగా కత్తి, పీట ఏర్పాటు చేసినాము.

ఇక్కడ ఒక మనవి. మతధర్మంవల్లనో ఆచారంవల్లనో పందిమాంసం ముట్టని గృహాలు మనలో అనేకం. వారిని ఆ నియమం వదలుకొనుమని నేను చెప్పడం లేదు. కోడి ఎముకలతోను, కోడికాళ్ళతోను ఇదే పద్ధతిలో తెల్లచారు తీసే సంప్రదాయం జపానులోనే ఉన్నది. దానిని తోరి పైతాన్ అంటారు. నేను చెప్పబోయే సూత్రాలు దానికి కూడ వర్తిస్తాయి.

మా మొదటి ప్రయత్నంలో ఎముకలను రెండుసార్లు నీళ్ళలో జాడించి, నేరుగా పొయ్యికెక్కించినాము. నాలుగు గంటల తరువాత గిన్నెలో తేలినది బూడిదరంగు నీరు. వాసన చెప్పనక్కరలేదు. అక్కయ్య పైటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని తొంగిచూచి, "మేకకాళ్ళయినా కాల్చి, గీకి, నాలుగు నీళ్ళు మార్చిగాని వండము గదా. వీటిని ఊరికే వేశారా?" అన్నది. పొరపాటంతా అక్కడే ఉన్నది. ఎముకలలో, మూలుగలో నిలిచిన నెత్తురు ఉడికి నల్లబడి చారుకు మురికిరంగును, నీచువాసనను తెస్తుంది. కనుక ఈ వంటలో మొదటి సగం శుభ్రతే.

నలుగురికి సరిపడే చారుకు రెండు కిలోల ఎముకలు కావలెను. అందులో తొడ ఎముక కీలు భాగం, వెన్నెముక ముక్కలు ఉండవలెను. రెండు పందికాళ్ళు చేర్చితే చారుకు చిక్కదనం వస్తుంది. తొడ ఎముకను లోపలి మూలుగ బయటపడేటట్లు అంగడిలోనే పగులగొట్టించుకోవలెను. ఇంటికి తెచ్చినవాటిని చన్నీటిలో మునుగ వేసి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి, మధ్యలో ఒకసారి నీరు మార్చవలెను. మరునాడు కొత్తనీటిలో వేసి పొయ్యిమీద పెట్టితే, కాగుతున్నకొద్దీ గోధుమరంగు తెట్టు గుట్టగా పైకి వస్తుంది. పదిహేను నిమిషాలు మరిగించి, ఆ నీటినంతా నిర్మొగమాటంగా పారబోయవలెను. సారం పోతున్నదని దిగులుపడవద్దు. సారం ఇంకా ఎముకలలోనే ఉన్నది. పోయినది మురికి మాత్రమే. తరువాత ఒక్కొక్క ఎముకను కుళాయికింద పట్టుకొని, బ్రష్షుతోను, చిన్న పుల్లతోను సందులలోని నల్లని గడ్డలను తొలగించవలెను. అక్కయ్య తానే ముందుకు వచ్చి కూర్చున్నది ఈ పనికే. గంటసేపు తలెత్తలేదు.

రెండవ ప్రయత్నంలో శుభ్రత కుదిరినది, సెగ కుదరలేదు. మన అలవాటు చొప్పున గిన్నెను సన్నని సెగమీద, పైన ఒకటి రెండు బుడగలు మాత్రమే లేచేటట్లు, ఆరు గంటలు ఉంచినాము. తేరిన నీటివలె, లేతబంగారు రంగున, కమ్మని చారు వచ్చినది. మేమంతా సంతోషించినాము. మేనల్లుడు ఒక గరిటెడు తాగి, "బాగుంది మామయ్యా. కాని ఇది అది కాదు" అన్నాడు. అతని మర్యాద నాకు చివుక్కుమనిపించినది.

ఆ రాత్రి కూర్చొని చదివి తెలుసుకొన్న సంగతి ఇది. ఎముకలలో, చర్మంలో, కీళ్ళలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఉన్నది. దీర్ఘకాలం వేడి తగిలితే అది కరిగి జిలటిన్‌గా మారుతుంది. మూలుగనుంచి, మాంసంనుంచి కొవ్వు కూడ కరిగి వస్తుంది. సన్నని సెగమీద ఈ కొవ్వు మెల్లగా పైకి తేలి విడిగా నిలుస్తుంది. కింద చారు తేటగా ఉంటుంది. చారు సుళ్ళు తిరుగుతూ తెర్లినప్పుడు కొవ్వు కంటికి ఆననంత సూక్ష్మబిందువులుగా చితికి నీటిలో చెదరిపోతుంది. జిలటిన్ ఆ బిందువులు మళ్ళీ ఒకటిగా కూడకుండ అడ్డుపడుతుంది. ఆ కోట్లకొలది బిందువులమీద పడిన వెలుగు చెదరడంచేత చారు తెల్లగా కనిపిస్తుంది. పాల తెల్లదనానికి ముఖ్యకారణాలలో ఇదీ ఒకటి. పెరుగు చిలికితే వెన్న విడిపోతుంది. ఇక్కడ మంటయే కవ్వమై చిలుకుతుంటే కొవ్వు నీటిలో కలిసిపోతుంది. హైదరాబాదు పాతబస్తీలో రాత్రంతా ఉడికే పాయాకు జిగినిచ్చేది కూడ ఈ జిలటినే. కాని ఈ చారుకు జిగి ఒక్కటే చాలదు. చిలకడం కూడ కావలెను.

క్యూషూలో ఈ చారును పది పన్నెండు గంటలు, అంతకు మించి కూడ మరిగిస్తారు. ఇంటిలో అంత గ్యాసు ఎవరు కాల్చగలరు? ఇక్కడ మన ప్రెషర్ కుక్కర్ అక్కరకు వస్తుంది. శుభ్రపరచిన ఎముకలను పెద్ద కుక్కర్‌లో వేసి, మునిగేటంత నీరు పోయవలెను. మూడింట రెండువంతులకు మించి నింపరాదు. ఒక కుక్కర్ చాలకపోతే రెండు వాయలుగా వండవచ్చు. మొదటి కూత తరువాత మంట తగ్గించి ముప్పావు గంట ఉంచి, దించి, ఆవిరి దానంతట అదే పోయిన తరువాత మూత తీసి నీరు చూసుకొని, అవసరమైతే వేడినీరు చేర్చి, మరొక ముప్పావు గంట ఉడికించవలెను. కొల్లాజెన్ కరిగించే పని ఈ విధంగా త్వరపడుతుంది. కాని కుక్కర్ మూత తీసి చూస్తే చారు ఇంకా పూర్తిగా తెల్లబడి ఉండదు. అక్కడితో ఆగినవారు మోసపోతారు. దానిని వెడల్పైన గిన్నెలోకి మార్చి, మూత లేకుండ, పెద్దమంటమీద గంట గంటన్నరసేపు తెర్లించవలెను. గరిటెతో ఎముకలను కదుపుతూ, మూలుగను చితుపుతూ, అడుగంటకుండ చూస్తూ, తగ్గిన నీటికి బదులు మరుగుతున్న నీటినే పోస్తూ ఉండవలెను. చివరి గంటలో ఒక ఉల్లిగడ్డ, ఒక వెల్లుల్లి గడ్డ, చిన్న అల్లం ముక్క చితుకగొట్టి వేయవలెను. కడపట వడగట్టితే సుమారు లీటరున్నర చారు మిగలవలెను.

కాలాన్ని తగ్గించవచ్చును, శుభ్రతను తగ్గించరాదు, చివరి మంటను తగ్గించరాదు. మేము రెండుసార్లు చెడగొట్టి నేర్చుకొన్నది ఈ మూడు ముక్కలే.

మరుగుతున్న చారులో ఉప్పు వేయరు. ఉప్పు, పులుసు విడిగా సిద్ధపరచి గిన్నె అడుగున పోస్తారు. దానిని 'తారె' అంటారు. నలుగురికి అరవై మిల్లీలీటర్ల సోయా సాస్, చెంచాన్నర ఉప్పు, అరచెంచా పంచదార, ఎండు పుట్టగొడుగులను నానబెట్టిన నీరు మరొక అరవై మిల్లీలీటర్లు కలిపి ఒక్క పొంగు రానిస్తే చాలును. ఒక్కొక్క గిన్నెకు ముప్పై మిల్లీలీటర్ల తారె, మూడు వందల మిల్లీలీటర్ల చారు. ఉప్పు ముందే చారులో వేస్తే, అది ఇగిరినకొద్దీ ఉప్పదనం చేయి దాటిపోతుంది. విడిగా ఉంచితే, ఎవరికి కావలసినంత వారికి కలుపవచ్చును.

సేమ్యాల సంగతి మాంసం తిననివారికి సైతం ఆసక్తి కలిగిస్తుంది. రామెన్ సేమ్యాకు ప్రాణం 'కాన్సుయి' అనే క్షారజలం. సోడియం, పొటాషియం కార్బొనేట్లు అందులోని లవణాలు. పిండికి సాగుడును, లేతపసుపు రంగును ఇచ్చేవి అవే. మనవారు అప్పడాల పిండిలో క్షారం కలపడం మీరెరుగుదురు. అదే జాతి విద్య ఇది. ఇంటిలో తినేసోడాను పళ్ళెంలో పలుచగా పరచి, ఓవెనులో 120 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచితే, అది సోడియం కార్బొనేటుగా మారుతుంది. తూకంలో మూడవవంతుకు పైగా తగ్గుతుంది. అది ఘాటైన క్షారం కనుక వట్టిచేతితో తాకరాదు. అల్యూమినియం పళ్ళెం వాడరాదు. బట్టలు ఉతికే సోడాను దీనికి బదులు ఎన్నడూ వాడరాదు.

నాలుగు వందల గ్రాముల మైదాకు నూట యాభై మిల్లీలీటర్ల నీరు, అందులో కరిగించిన నాలుగు గ్రాముల ఈ క్షారం, నాలుగు గ్రాముల ఉప్పు చాలును. పిండి మొదట ముద్దకాక రవ్వవలె పొడిపొడిగా ఉంటుంది. నీరు చాలలేదని మరల పోయకండి. తడిగుడ్డ కప్పి అరగంట ఉంచి, అదిమి ముద్దచేసి, మరొక గంట ఆగి, పలుచగా వత్తి, సన్నని దారాలుగా కోయవలెను. సేమ్యా వత్తే చేతియంత్రం ఉంటే పని సులభం. మరుగుతున్న విస్తారమైన నీటిలో ఒక నిమిషం ఉడికితే చాలు. కొద్దిగా పలుకు ఉండగానే తీయవలెను. వేడిచారులో పడిన తరువాత కూడ అది మెత్తబడుతూనే ఉంటుంది గదా.

పైన వేసే మాంసాన్ని 'చాషూ' అంటారు. పొట్టభాగపు మాంసం అరకిలో చుట్టగా చుట్టి, దారంతో కట్టి, సోయా సాస్, నీరు, పంచదార, అల్లం వేసి, మూతపెట్టి రెండు గంటలు ఉడికించి, చల్లారిన తరువాత పలుచగా కోయవలెను. సన్నని సెగకు ఇక్కడ చోటున్నది! ఆ మిగిలిన రసాన్ని మరిగించి చల్లార్చి, ఉడికించి ఒలిచిన గుడ్లను అందులో నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే, అవి తేనెరంగు తేలుతాయి.

పందిమాంసం విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. దానిలో బద్దెపురుగు కోశాలు ఉండవచ్చును. సగం ఉడికిన మాంసం తింటే ఆ పురుగు పేగులలో చేరుతుంది. ఆ పురుగు గుడ్లు అపరిశుభ్రమైన చేతులద్వారా, నీటిద్వారా మనుష్యుల కడుపులోకి పోతే, మెదడులో కోశాలేర్పడి మూర్ఛలు సైతం రావచ్చును. కనుక పరిశుభ్రమైన అంగడిలో కొనవలెను; లోపల ఎరుపు లేకుండ పూర్తిగా ఉడికించవలెను; పచ్చిమాంసం తగిలిన కత్తిని, పీటను, చేతులను సబ్బుతో కడుగవలెను.

మూడవసారి వండిన ఆదివారంనాడు మధ్యాహ్నానికి చారు తెల్లబడడం ఆరంభించినది. పెద్దమంట చూచి అక్కయ్య రెండుసార్లు తగ్గించబోయినది. రెండుసార్లు నేను వారించినాను. మూడవసారి ఆమెయే, "ఇంకొంచెం పెంచు" అన్నది. సాయంత్రం మేనల్లుడు గిన్నె ముందు కూర్చొని ఏమీ మాట్లాడలేదు. సేమ్యాలన్నీ తిని, చారు సగం మిగిల్చి, తలెత్తి, "కయెదమ" అన్నాడు. అన్నతరువాత తానే నవ్వి అర్థం చెప్పినాడు. ఫుకువోక నగరంలో నగహామ చేపలబజారు పనివారికి తీరిక తక్కువ. వారికోసం త్వరగా ఉడికే సన్నని సేమ్యాలు వాడేవారట. ఒకేసారి ఎక్కువ వేస్తే మెత్తబడిపోతాయి కనుక, కొద్దికొద్దిగా వేసి, కావలసినవారికి మిగిలిన చారులోనే రెండవ విడత వడ్డించేవారట. ఆ రెండవ విడతకే కయెదమ అని పేరు. మేము రెండవ విడతకు సేమ్యాలు సిద్ధం చేయలేదు. అక్కయ్య లేచి, మిగిలిన పిండిముద్దను వత్తడానికి కూర్చున్నది.

అక్కయ్య ఆ చారు రుచి చూడలేదు. చూడుమని మేమూ అనలేదు. నేటికీ ఆ గిన్నె పెరటి అరుగుమీదనే బోర్లించి ఉంటుంది. కాని మబ్బుపట్టిన ఆదివారం దానిని తోమి పొయ్యిదగ్గర ఉంచేది మాత్రం ఆమెయే.

చివరగా ఒక మాట. మిగిలిన చారును గిన్నెతోసహా చన్నీటిలో ఉంచి త్వరగా చల్లార్చి, రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టవలెను. మరునాటికి అది ముంజెవలె గడ్డకట్టితే భయపడకండి. కొల్లాజెన్ చక్కగా కరిగినదనడానికి అదే సాక్ష్యం. మూడు రోజులలో వాడుకోవలెను. తిరిగి వేడిచేసేటప్పుడు పూర్తిగా మరగనీయండి. అప్పుడు కూడ మంటను చూచి జంకవద్దు.